కొయ్యకాళ్ళ కింద పాట

డిస్కును ఎవరూ ముట్టొద్దని లిడియా అంత గట్టిగా చెప్పి స్నానానికి వెళ్ళింది. తల తుడుచుకుంటూ వచ్చేసరికి డిస్కు మీద కొత్తిమీర కట్ట ఉంది. పోయిన వారం మనం ఆ ఇంటి గడప దగ్గర ఆగిపోయింది, ఆ కట్ట నుంచి జారబోతున్న నీటి చుక్కను చూస్తూనే.

ఆ డిస్కు కథ ఇది. లక్సెట్టిపేటలో అహరోను పాట ఎరగని మెథడిస్టు ఇల్లు లేదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోట దాకా సాగే ఊరేగింపుకు ఆయన గొంతే ముందు నడిచేది. రెండేళ్ళ కింద ఆ పాటను పక్క సందులోని ఫోటో స్టూడియో ఖైసర్ వీడియో తీసి, తీసింది తీసినట్టే చిన్న నల్ల హార్డ్‌డిస్కులో వేసి ఇచ్చాడు. పొద్దున లేస్తే ఇంట్లో పాడే మనిషిని డబ్బాలో పెట్టి చూసేదెవరు? డిస్కు బీరువాలో చీరల కింద పడి ఉంది. పోయిన ఏడు అహరోనుకు గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఇప్పుడు చేతికర్రతో గచ్చు మీద ఒకసారి కొడితే అవునని, రెండుసార్లు కొడితే కాదని.

ఈ ఈస్టరుకు గుడి ముందు తెర కట్టి ఆ పాట వేద్దామని పాస్టరు గారు అడిగారు. అహరోను భార్య సంతోషమ్మ సంబరపడి డిస్కును ఖైసర్‌కు పంపింది. తిరిగి వచ్చిన డిస్కులో పాట లేదు. సంతోషమ్మ బజార్లో అందరి ముందు ఖైసర్‌ను నిలబెట్టి, "నా పెనిమిటి గొంతు మింగిన దొంగవు నువ్వు" అన్నది. ఖైసర్ ఒక్క మాట మాట్లాడలేదు. తల వంచుకుని స్టూడియో షట్టరు దించాడు. మాట్లాడలేదంటే చేసినట్టే అని సంతోషమ్మ తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు మీద కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదువుతున్న కూతురు లిడియా సెలవు పెట్టి ఇంటికి వచ్చింది, పోయిన పాటను వెతికి తీయడానికి.

"అవ్వా! గిదేంది?" అంది లిడియా తల్లితో.

"కొత్తిమీర. కండ్లు లేవా?"

"దాని కింద ఏమున్నదో సూసినవా?"

"నీ నల్ల డబ్బ. ఏం, కొత్తిమీర బరువుకు సచ్చిపోతదా?"

లిడియా కట్టను తీసి పక్కన పెట్టి, చున్నీ కొంగుతో డిస్కును తుడిచింది. అరవాలని ఉంది. కానీ ఆ పిల్లకు అరవడం రాదు. కోపం వస్తే గొంతు ఇంకా చిన్నబోతుంది. ఆ చిన్న గొంతుతోనే, "బాపు పాట అండ్లనే ఉన్నదవ్వా, నీళ్ళు పడితె ఎట్ల?" అన్నది.

"ఒకపారి లేదంటవు, ఒకపారి ఉన్నదంటవు. ఉంటే తియ్యరాదు మరి! పొద్దందాక గా నల్ల తెరకేసి సూస్తె ఏమొస్తది? ఫోన్ల ఇట్ల వేలుతోని తోస్తె అన్నీ వస్తయి."

లిడియా ఊపిరి పీల్చుకుని, ఈ రెండు రోజుల్లో ఎన్నోసారో, మళ్ళీ చెప్పింది. "వరి కోసినంక పొలంల కొయ్యకాళ్ళు ఉంటయా, ఉండయా?"

"ఉంటయి."

"డిస్కుల గూడ గంతే. తీసేసినం అంటె పైన కోసినట్టు. కొయ్యకాళ్ళు అట్లనే ఉంటయి. మల్ల దున్ని కొత్త నాటు ఏస్తెనే పోతయి. అందుకే దాన్ని ముట్టొద్దు, తెరవొద్దు, కొత్తది ఏదీ అండ్ల ఎయ్యొద్దు అంటున్న. దాని నకలు తీసి, గా నకల్ల వెతుకుతున్న."

"కొయ్యకాళ్ళు బర్లు మేస్తయి" అన్నది సంతోషమ్మ, వంటింట్లోకి పోతూ.

నకలు తీయడం కూడా సుఖంగా ఏమీ జరగలేదు. ల్యాప్‌టాప్ పాతది, బ్యాటరీ ఏనాడో పోయింది. వైరు ఊడితే ప్రాణం ఊడినట్టే. భవ్యశ్రీ అనే స్నేహితురాలిని బతిమాలి తెచ్చుకున్న పెద్ద డిస్కులోకి నకలు సగం దాకా వచ్చిందో లేదో, అవ్వ పచ్చడికని మిక్సీ తెచ్చి, ల్యాప్‌టాప్ వైరు పీకి ఆ సందులో మిక్సీ వైరు పెట్టింది. అవ్వకు వైరు కనిపిస్తే పీకడం అలవాటు. ఫ్రిజ్‌ది పీకుతుంది, ఫ్యాన్‌ది పీకుతుంది, చార్జింగులో ఉన్న పక్కింటివాళ్ళ ఫోన్‌ది కూడా పీకుతుంది. మొదటినుంచి మళ్ళీ మొదలు. రెండోసారీ ఎవరో పీకారు. ఈసారి అవ్వ బైబిలు మీద చెయ్యి వేసి "నేను కాదు" అన్నది. లిడియా నమ్మలేదు. మూడోసారి స్విచ్ బోర్డుకు వీపు ఆనించి కూర్చుని, కాపలా కాసింది. ఈ మధ్యాహ్నానికి నకలు పూర్తయింది.

గడప పక్కన మంచం మీద బాపు చింతపండు కొడుతున్నాడు. చిన్న సుత్తితో ఒక్కో కాయ మీద ఒక దెబ్బ, గింజ ఇటు, గుజ్జు అటు. టక్, టక్ మని ఒకే తీరుగా. ఇంట్లో ఆయన చప్పుడు ఇప్పుడు అదొక్కటే. లిడియా ఆ చప్పుడు వింటూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

ఆమె వాడుతున్న పనిముట్టుకు బొమ్మలు లేవు, మీటలు లేవు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. ఏం కావాలో రాసి అడగాలి, అదీ దాని పద్ధతిలో. ముందుగా డిస్కులో భాగాలు ఎక్కడెక్కడ మొదలవుతాయో అడిగి తెలుసుకోవాలి. తరువాత ఎఫ్ఎల్ఎస్ అని రాసి, ఆ మొదలయ్యే అంకె వేసి, నకలు పేరు రాస్తే, లోపల ఉన్న ఫైళ్ళ పేర్లు వరుసగా వస్తాయి. తీసేసినవాటి పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. అంకె మరిచిపోతే, ఇదేం డిస్కో నాకు తెలియదు అని ఒక ముక్క పడేసి ఊరుకుంటుంది. ఆఫీసు కిటికీ వెనక గుమాస్తా నయం, కనీసం తల ఎత్తి చూస్తాడు.

లిడియా అంకె మరిచిపోయింది. మళ్ళీ రాసింది.

"బిడ్డా, ఉప్పు సూడు జర!" వంటింట్లోంచి కేక.

అంకెలో ఒక సున్నా తగ్గింది. మళ్ళీ రాసింది.

"లిడియా! గరిట పట్టుకొని నిలవడ్డ, ఉప్పు సూడమంటే!"

"సరిపోయిందవ్వా!"

"సూడకుండనే?"

ఈసారి పేర్లు వచ్చాయి. బిలబిలమంటూ తెర నిండా. లిడియా ముందుకు వంగింది. చదివిన కొద్దీ ముఖం ముడుచుకుంది. రిదా డాన్సు. రిదా డాన్సు రెండు. ఖుబానీ మీఠా. మెహందీ. మేనత్త షాదీ. అన్నీ ఈ నెలలో వేసినవే. అన్నీ ఖైసర్ ఇంటివే.

కోసిన పొలంలో ఎవరో నాటు వేశారు.

"అవ్వా" అంది లిడియా, "ఖైసర్ అన్న తన ఇంటి సామానంత తెచ్చి బాపు పాట మీద పోసిండు."

సంతోషమ్మ గరిటతోనే బయటికి వచ్చింది. "నేను చెప్పలే? నేను చెప్పలే బజార్ల? అప్పుడు అందరు నన్నే గయ్యాళి అన్నరు!"

సరిగ్గా అప్పుడే గడపలో ఉమ్రావ్ బేగం నిలబడి ఉంది. ఖైసర్ తల్లి. చేతిలో స్టీలు గిన్నె, పైన మూత. ఆ గిన్నె సంతోషమ్మదే. లొల్లికి ముందు ఎప్పుడో సాంబారు పోసి పంపింది.

"సంతోషా, నీ గిన్నె" అన్నదామె.

"గడపల పెట్టి పో ఆపా. నీ ముఖం సూసుడు గూడ ఇష్టం లేదు నాకు."

"చూడకు. గిన్నె తీసుకో."

సంతోషమ్మ మూత తీసింది. లోపల పిడికెడు ఖర్జూరాలు. "గివెందుకు? లొల్లి పెట్టుకున్నంక గిన్నెల ఖర్జూర పోస్తరా?"

"లొల్లి లొల్లే, గిన్నె గిన్నె. ఖాళీ గిన్నె పంపుడు మా ఇంట్ల లేదు, మీ ఇంట్ల లేదు. నువ్వు గూడ నా గిన్నె పంపితె అడుగుల ఉప్పన్న ఏసి పంపుతవు."

"గిన్నెలల్ల ఖర్జూర పోసుడు, డబ్బలల్ల పాట తోడుకునుడు. మంచిగున్నది మీ మర్యాద!"

"తోబా! తోబా!" ఉమ్రావ్ బేగం రెండు చెంపలూ వాయించుకుంది. "ఏం తోడుకున్నం? గా డబ్బ గూడ నేను ఖాళీగ పంపలే! దగ్గరుండి నింపిచ్చి పంపిన!"

టక్ టక్ మనే సుత్తి ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంది.

లిడియా మెల్లగా లేచి నిలబడింది. "ఏం నింపిచ్చినవ్ ఖాలా?"

"ఖైసర్ డబ్బ పెట్టి చూసిండు. 'అమ్మీ, గిందుల ఏం లేదు' అన్నడు. గంతే, మొఖం ఇంత చేసుకొని బయటికి పోయిండు. నేను మనవరాల్ని పిలిచిన. 'రిదా, అహరోను భాయి ఇంటికి ఖాళీ డబ్బ పోతె మంచిది కాదు, పానం బాగలేని మనిషున్న ఇల్లు. జర మంచియి చూసి ఎయ్' అన్న. అది డాన్సు ఏసింది. నేను ఖుబానీ మీఠా చేసేది ఏయమన్న. సంతోషకు అదంటే ఇష్టం గదా, చూసి నేర్చుకుంటదని."

పాలిటెక్నిక్ ల్యాబులో సారు లిడియాకు డిస్కులు పాడయ్యే కారణాలు ఎన్నో చెప్పాడు. వైరసు చెప్పాడు, దొంగలను చెప్పాడు, పిడుగు చెప్పాడు. మర్యాద గురించి ఎవరూ చెప్పలేదు. ఈ రెండు రోజులూ ఆమె వైరు కాసింది, కొత్తిమీర తుడిచింది, ఉప్పు చూసింది. అంతకు ముందే, ఒక పెద్దమనిషి ప్రేమతో, అపశకునం కాకూడదని, బాపు గొంతు మీద ఖుబానీ మీఠా పోసి పంపింది. ఎవరిని తిట్టాలి? ఏమని తిట్టాలి?

"ఖాలా..." అంది. కూలబడి రెండు చేతులతో తల పట్టుకుంది.

"ఏమైంది? తీపి ఏస్తె తప్పా?"

"మీవోడు ముందల ఖాళీ చేసిండు, నువ్వు నింపినవు" అన్నది సంతోషమ్మ గరిట ఊపుతూ. "తల్లీకొడుకులు కలిసి చేసిండ్రు!"

"మా ఇంటికి రాకముందే ఖాళీ! అల్లా మీద ఒట్టు!" బేగం గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "సంతోషా, నా కొడుకు షట్టరు ఎత్తుతలేడు. పెండ్లిపనులు చెప్పినోళ్ళు మంచిర్యాలకు పోతుండ్రు. దొంగ కెమెరా అంటుండ్రు. ఎవరు చేసిండ్రో చెప్పురా అంటె నాకు గూడ చెప్పడు, గోడకు తిరిగి పంటడు. లిడియా, నీ మిషన్ల తెలుస్తదట గదా బిడ్డా, ఎవరు తీసిండ్రో. చూసి చెప్పు. నా కొడుకే అయితె నా చెప్పుతోని నేనే కొడత. కాకుంటె..." సంతోషమ్మ వైపు తిరిగింది. "కాకుంటె నువ్వు అదే బజార్ల నిలబడి చెప్పాలె."

"చెప్త. కాకుంటె చెప్త. సూడు బిడ్డా!"

ఇద్దరూ వచ్చి లిడియా వెనక నిలబడ్డారు. ఒకరి దగ్గర ఇంగువ వాసన, ఒకరి దగ్గర అత్తరు వాసన. మెడ మీద ఇద్దరి ఊపిరీ.

"జర ఎనకకు జరుగుండ్రి."

ఎవరూ జరగలేదు.

లిడియా పేర్ల వరుసలో పైకి వెళ్ళింది. ఆమె వెతుకుతున్నది చెత్తబుట్టలను. ఒక కంప్యూటరుకు డిస్కు తగిలించి, అందులోంచి ఏదైనా తీసేస్తే, అది తిన్నగా పోదు. ఆ కంప్యూటరు డిస్కులోనే తన పేరున ఒక బుట్ట పెట్టి అందులో పడేస్తుంది. బుట్ట పేరు ఒక పొడుగాటి అంకె. ఏ కంప్యూటరు అంకె దానిదే, మనిషి వేలిముద్రలాగా. బుట్టను కూడా ఖాళీ చేసేస్తే, లోపలి పేర్ల పక్కన నక్షత్రం పడుతుంది, అంతే.

డిస్కులో రెండు బుట్టలున్నాయి. ఒకదానిలో ఉన్నవి రిదా డాన్సు మూడు, నాలుగు. పిల్ల వేసి, బాగా రాలేదని తీసేసినట్టుంది. ఆ బుట్ట స్టూడియో కంప్యూటరుది.

రెండో బుట్టలో ఒక్క వీడియోనే ఉంది. నక్షత్రం గుర్తుతో. పేరు మారిపోయింది గానీ, పక్కనే దాని పాత పేరు చెప్పే చిన్న ఫైలు కూడా చెక్కుచెదరకుండా ఉంది. లిడియా తెరిచి చూసింది. అహరోను కాకా ఈస్టరు.

"ఇగో పాట!"

"దొరికిందా!" అవ్వ ఆమె భుజం పట్టి ఊపేసింది. "ఉన్నదా? కొయ్యకాళ్ళున్నయా?"

"ఆగవ్వా." లిడియా మళ్ళీ నల్ల తెర మీదికి వంగింది. పాట ఉన్న చోటు ఎంత మేర ఉందో అడిగింది. రిదా ఫైళ్ళు ఎక్కడున్నాయో అడిగింది. రెండూ ఒకదాన్నొకటి తాకలేదు. ఖాళీగా పంపొద్దు అంటే నిండా నింపమని కాదు కదా. బేగం నింపించింది అడుగున పిడికెడే. పాట ఉన్నది అవతలి చివర.

"ఖాలా" అంది నవ్వూ ఏడుపూ కలిసిన గొంతుతో, "నువ్వు గిన్నె నిండ పోయలే. బతికిచ్చినవు."

"పిడికెడు చాలు బిడ్డా, నిండ పోస్తె వాళ్ళు మల్ల నిండ పంపాలె గదా" అన్నది బేగం, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "ముందుగాల ఎవరు తీసిండ్రో చెప్పు."

ఆ రెండో బుట్ట ఏ కంప్యూటరుది? లిడియా దాని అంకె చివర చూసింది. ఎక్కడో చూసినట్టు అనిపించింది. తాను కూర్చున్న ల్యాప్‌టాప్ అంకె ఏమిటో నల్ల తెరనే అడిగింది. జవాబు వచ్చింది. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టింది. ఒకసారి చూసింది. వేలు పెట్టి మళ్ళీ చూసింది.

రెండూ ఒకటే.

పాటను తీసేసింది ఈ ల్యాప్‌టాప్ నుంచే. ఆపరేషన్ తరువాత బాపుకు పొద్దుపోవాలని లిడియా దీన్ని ఇంట్లోనే వదిలిపెట్టి వెళ్ళింది. ఎలా తెరవాలో, ఎలా మూయాలో బాపుకు తానే నేర్పింది. ఇంట్లో ఉండేది ఇద్దరు. అవ్వకు దీని గురించి తెలిసింది వైరు పీకడమే.

సుత్తి చప్పుడు ఆగిపోయింది.

లిడియా తల తిప్పలేదు. రెండోసారి వైరు ఎవరు పీకారో ఇప్పుడు అర్థమైంది. అవ్వ బైబిలు మీద చెయ్యి వేసి చెప్పింది నిజమే.

"ఏమాయె? చెప్పు" అన్నది అవ్వ.

"ఖైసర్ అన్న కాదు."

ఉమ్రావ్ బేగం గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. సంతోషమ్మ కాసేపు గరిటనే చూసింది.

"మరి ఎవరు?"

"ఇంక సూస్తున్న. మీరు పోండ్రి, మీదమీద పడితె నాకు చేతులాడయి."

సంతోషమ్మ ఖర్జూరాల గిన్నె ఎత్తుకుంది. "చాయ తాగిపో ఆపా" అన్నది, బేగం ముఖం చూడకుండా. "చక్కెర నువ్వే ఏసుకో. నేనేస్తె తక్కువంటవు." ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. క్షమాపణ అంత దూరమే వచ్చింది ప్రస్తుతానికి.

లిడియా ఐక్యాట్ అని రాసి, పాట అంకె వేసి, పాటను నకల్లోంచి బయటికి తోడింది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంది. బాపు వైపు ఇప్పటికీ చూడలేదు. చూస్తే అడగాలి. అడిగితే కర్ర ఒకసారి మోగుతుంది. ఆ ఒక్క దెబ్బ వినడం ఆమెకు ఇష్టం లేదు.

తెర మీద చీకటి వీధి. కొవ్వొత్తులు. బాపు తెల్ల చొక్కా. చొక్కా గుండీకి ఖైసర్ చిన్న మైకు తగిలిస్తున్నాడు. పాట ఇంకా మొదలవలేదు. మైకు అప్పటికే పని చేస్తున్నదని ఇద్దరికీ తెలిసినట్టు లేదు. అంత దగ్గరగా, చెవిలో చెప్పినట్టుగా, బాపు గొంతు వినిపించింది.

లిడియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాటలు తరువాత అర్థమయ్యాయి.

"సంతోషకు తెల్వనియ్యకు ఖైసరూ. గొంతుల గడ్డ ఉన్నదని డాక్టరు చెప్పిండు. ఇప్పుడే కోస్తె పానానికి ఫికర్ లేదట, గని పాట ఉండదట. నేను ఒద్దన్న. ఈ ఈస్టరు పాడనియ్యి. ఇంకొక్క ఈస్టరు."

"కాకా, గిది తప్పు. సంతోష కాకికి చెప్పాలె."

"చెప్తె పాడనియ్యదు. ఒట్టెయ్."

ఖైసర్ బాపు చేతిలో చెయ్యి వేశాడు.

"సరే కాకా. నా నోట్లకెల్లి రాదు."

లిడియా ఆపేసింది. బజార్లో తల వంచుకుని షట్టరు దించిన మనిషి కళ్ళ ముందు కనిపించాడు. ఖాళీ డిస్కు చూడగానే అతనికి అర్థమై ఉంటుంది, ఎవరు తీశారో, ఎందుకు తీశారో. ఈ ల్యాప్‌టాప్‌లోనే బాపు ఈ మాటలు విని ఉంటాడు, గుడి ముందు తెర మీద అవ్వ వినకూడదని పాటనే తీసేశాడు. దొంగ అనిపించుకున్నాడు గానీ ఒట్టు తప్పలేదు. నిజంగా విన్నానా అని, వేలు తనకు తెలియకుండానే వీడియోను మళ్ళీ మొదటికి జరిపింది.

ఇప్పుడు తల ఎత్తింది. బాపు మంచం దిగి నిలబడి ఉన్నాడు. చింతపండు చేతులు. కళ్ళు వంటింటి వైపు. కర్ర గచ్చు మీద రెండుసార్లు కొట్టాడు. కాదు. వద్దు. మళ్ళీ రెండుసార్లు.

"వచ్చిందా బిడ్డా?" చాయ గ్లాసులతో అవ్వ వస్తున్నది, వెనక బేగం. అవ్వ ముఖంలో ఏడాదిగా లేని వెలుగు. "ఏంది, నువ్వొక్కదానివే చెవులల్ల పెట్టుకొని వింటవా? నేను వినొద్దా మా ఆయన పాట?"

"అవ్వా, ఆగు, ఇంక సరిగ రాలే..."

"సరిగ రాకున్నా మంచిదే. ఏడాది అయె విని." అవ్వ గ్లాసులు కింద పెట్టింది. ల్యాప్‌టాప్ పక్క నుంచి వేలాడుతున్న ఇయర్‌ఫోన్ల సన్నటి వైరు ఆమె కంటపడింది.

లిడియా చెయ్యి అడ్డం పెట్టబోయింది. బెదిరిన చెయ్యి కీబోర్డు మీద ఎక్కడో తగిలి, ఆగి ఉన్న వీడియో కదిలింది. అవ్వ అప్పటికే వైరు పీకేసింది.

ఏడాది తరువాత ఆ ఇంట్లో అహరోను గొంతు వినిపించింది. మొట్టమొదటి మాట భార్య పేరే.

"సంతోషకు..."

అవ్వ ముఖం పువ్వులా విచ్చుకుంది. రెండో మాట ఇంకా రాలేదు.